ఆకు ఉమ్మేసిన వెలుగు

యోబు చేతులు చూసినవాడెవడూ అవి ద్రాక్షపూల మీద పని చేసిన చేతులంటే నమ్మడు. గొడ్డలి కామల్లాంటి వేళ్లు. కుడి పిడికిలి మీద రెండు కణుపులు అణిగిపోయి ఉంటాయి. ఒకటి సొంత ఊళ్లో పోయింది, ఇంకొకటి మలక్‌పేటలో.

ఊరు ఇబ్రహీంపట్నం దాటాక వస్తుంది. అక్కడ వాళ్ల నాయన మత్తయిని దొర మనిషి ఒకడు చర్చి ముందరే చెప్పుతో కొట్టాడు. ఆదివారం, ప్రార్థన అయిపోయి జనం బయటికొస్తున్న వేళ. యోబుకు అప్పటికింకా మీసం రాలేదు. వెళ్లి వాడి దవడ పగలగొట్టాడు, దవడతో పాటు తన కణుపూ పోయింది. ఆ పూటే ఊరు వదిలాడు. మలక్‌పేటలో ఒక సేటు గుర్రాల దగ్గర లద్ది ఎత్తే పని దొరికింది. గుర్రాన్ని కొట్టే కొరడాతో సేటు ఒకరోజు వీణ్ణి కొట్టాడు. వీడు ఊరుకోలేదు. రెండో కణుపు అక్కడ పోయింది.

ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. విజయవాడ సడక్ పక్కన పట్టాభి ద్రాక్షతోట. పట్టాభిది తెనాలి వైపు. కాలేజీలో చెట్ల శాస్త్రం ప్రాక్టికల్స్ చేయించేవాడు. పిల్లలకు ఆకులు కోసి చూపించడం విసుగొచ్చి, ఉద్యోగం వదిలేసి, భూమి తీసుకుని, ద్రాక్ష పెట్టాడు. పనికోసం వచ్చిన యోబును కిందికీ మీదికీ చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

“కొట్లాడతావా?”

“మీదికొస్తే కొట్లాడ్త సారు.”

“మంచిది. ఇక్కడ కాయలు దొంగలపాలవుతున్నాయి. ఉండిపో.”

యోబు ఉండిపోయాడు. తోటలోనే గది ఇచ్చారు. రెబెక్కను పెళ్లి చేసుకుని ఆ గదిలోకే తెచ్చుకున్నాడు.

పట్టాభికి ఒక పిచ్చి ఉండేది. అనాబెషాహి ద్రాక్ష చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ పండే వేళకు వాన పడిందంటే కాయ పగిలి కుళ్లిపోతుంది. అల్మాస్‌గూడలో ఒక బావి గట్టు మీద నల్లటి చిన్న ద్రాక్ష తీగె ఒకటి ఉండేది. నోట్లో పెడితే పళ్లు పులిసిపోతాయి, కానీ ఎంత వానకైనా పగలదు. ఈ రెండిటినీ కలపాలి. పువ్వు విచ్చకముందే చిన్న పట్టకారు పట్టి దాని పుప్పొడి తిత్తులు పీకెయ్యాలి, రెండోదాని పుప్పొడి తెచ్చి అద్దాలి, కాగితం సంచి కట్టాలి. పట్టాభి చెయ్యి వణికేది. అందుకని పట్టకారు యోబు చేతికిచ్చాడు. యోబు చాలా పూలు నలిపేశాడు, చాలా బూతులు తిట్టుకున్నాడు, చివరికి కొన్ని గుత్తులు నిలబెట్టాడు. వాటి గింజల్ని తడి ఇసుకలో, ఐసుపెట్టెలో దాచి, సడక్ వైపున్న అద్దాల కప్పు కొట్టంలో నారు పోశారు. అరవైతొమ్మిది జనవరికి మొలకలు ఆకులేశాయి.

జూన్‌లో వాన పడగానే వాటిని నేలలో పెట్టాలి. అప్పటిదాకా బతకాలి. యోబుకు ఆ ఏడాది కావలసింది అంతే. కొట్లాటలు తప్ప చేతులతో ఇంకేదీ పుట్టించని మనిషి అతను. రెబెక్క కడుపు రెండుసార్లు నిలవలేదు. నారుమడిని అతను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ జనవరిలోనే తెలంగాణ గొడవ మొదలైంది. మొదట కాలేజీ పిల్లలు, తర్వాత అందరూ. యోబు కూడా జులూస్‌లో మలక్‌పేట దాకా అరుచుకుంటూ పోయాడు, వీపు మీద లాఠీ తిని వచ్చాడు. తెలంగాణ రావాలనే అతనికీ ఉంది. కానీ మార్చి వచ్చేసరికి ఆంధ్రావాళ్ల దుకాణాలు పగులుతున్నాయి, ఇళ్ల మీద రాళ్లు పడుతున్నాయి. పట్టాభి తన భార్య హనుమాయమ్మను తెనాలి పంపేశాడు. ఒకరోజు పొద్దున సడక్ మీంచి వచ్చిన రాయి అద్దం ఒకటి పగలగొట్టుకుని కొట్టంలో పడింది. రెండో రాయి పట్టాభి నుదురు చీల్చింది. ఆ రక్తం ఆరకముందే ఆయన అరటిగెలల లారీ ఎక్కి, గెలల మధ్య దూరి వెళ్లిపోయాడు. తాళాలు యోబు చేతికొచ్చాయి.

తీతు రెబెక్కకు తమ్ముడు. మలక్‌పేటలో మోటారు షెడ్డులో పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఈ పక్క బస్తీల పోరగాళ్లంతా అతని వెనకే నడుస్తున్నారు. రాళ్లు పడ్డ సంగతి విని మర్నాడే వచ్చాడు.

“బావా, మీ కొట్టం సడక్ మీదికి తెల్లగ పండ్లికిలిస్తున్నది. ఆంధ్రోని అద్దాలు ఈడున్నయని డప్పు కొట్టి చెప్పినట్టున్నది.”

“ఎండకాలం సున్నం ఏస్తం గదరా. ఏయకుంటే లోపల మాడిపోతయి.”

“పచ్చరంగు కొట్టు. తోటల కల్సిపోతది. ఎవనికీ కనబడది. నేను మావోళ్లకు చెప్పేదేం లేదు, చెప్తే ఇనరు. కనబడకుంటెనే మంచిది.”

అక్క కోసం చెప్పాడు, మంచికే చెప్పాడు. యోబుకు ఆ మాట నచ్చింది. ఆకు పచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చటి వెలుగు దానికి సొంతమనుకున్నాడు. పందిరి కింద నీడ పచ్చగానే ఉంటుంది కదా. తలుపులకు వేయగా మిగిలిన ఆయిల్ పెయింటు తీసి, కిరసనాయిలు కలిపి, కొట్టం పైకెక్కి, సున్నం తుడిచేసి, అద్దాలన్నిటికీ పూశాడు. రెబెక్క కింద నిలబడి నవ్వింది.

“దర్గా లెక్క చేసినవ్. ఇగ చాదర్ కప్పి ఊదుబత్తులు పెట్టు.”

లోపలికి వెళ్తే చెరువులో మునిగి కళ్లు తెరిచినట్టుంది. యోబుకు అది గొప్పగా అనిపించింది. రాళ్లు కూడా ఆగాయి. సడక్ మీద బస్సులు కాలాయి. ఒకసారి పోరగాళ్లు ఒక ఆంధ్రా కండక్టర్‌ను గుంజి ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి చితకబాదారు, వాడి పళ్లు తారు మీద పడ్డాయి. ఇంకోసారి పోలీసులు ఇళ్లల్లో దూరి దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టారు, ఒక ముసలమ్మ మోచెయ్యి విరిచారు. కొట్టాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

మొక్కలు పొడుగు సాగాయి. యోబు సంబరపడ్డాడు. ఇంత వేగంగా ఎదగడం మునుపెన్నడూ చూడలేదని రెబెక్కకు చూపించాడు. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి కాడలు దారాల్లా అయ్యాయి, ఆకులు పాలిపోయాయి, తలలు వాలాయి. ఎరువేశాడు. నీళ్లు ఎక్కువ పోశాడు. ఇంకా వాలాయి. నారుమడి ముందు కూర్చుని మట్టిని గుద్దాడు.

ఏప్రిల్ చివర గొడవలు కాస్త సద్దుమణిగినట్టు అనిపించి పట్టాభి వచ్చాడు. లుంగీ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, పాలవ్యాను దిగాడు. కొట్టంలో అడుగుపెట్టి తలెత్తి పచ్చటి అద్దాల్ని చూశాడు.

“ఏమిట్రా ఇది? ఎవడు పూయమన్నాడ్రా ఆకుపచ్చ రంగు?”

“నేనే పూసిన సారు. ఆకు పచ్చగుంటది గద, దానికి పడ్తదనుకున్న.”

పట్టాభి లాగి చెంప మీద కొట్టాడు. మరుక్షణం ఆయన వీపు స్తంభానికి తగిలింది, పీక యోబు చేతిలో ఉంది, కళ్లద్దాలు నారుమడిలో పడ్డాయి.

“ఇంకొక్కసారి చెయ్యి లేస్తే ఈడనే పాతిపెడ్త సారు.”

పీక పట్టుకుని కూడా సారు అనడం మానలేదు. వదిలాక ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. పట్టాభి దగ్గి, కళ్లద్దాలు తుడుచుకుని, “నాలుగాకులు కోసుకురా, బయట పందిరివి. స్టవ్ స్పిరిట్ కూడా పట్రా” అన్నాడు. అంతకంటే వేరే రకంగా క్షమాపణ చెప్పడం ఆయనకు రాదు.

గది తలుపు మూశారు. తలుపు సందులోంచి ఎండ గీతలా పడుతోంది. పట్టాభి తన కాలేజీనాటి సామాన్ల పెట్టెలోంచి మూడు పలకల గాజు ముక్క తీసి ఆ గీతలో పెట్టాడు. ఎదురుగా గోడ మీద రంగులు పరుచుకున్నాయి, ఎరుపు నుంచి ఊదా దాకా. ఆకుల్ని స్పిరిట్‌లో నలిపితే చిక్కటి పచ్చ రసం దిగింది. దాన్ని గాజుగొట్టంలో పోసి వెలుగుకు అడ్డం పెట్టాడు. గోడ మీద ఎరుపులో నల్లటి బద్ద పడింది. నీలం, ఊదా వైపంతా దీపం ఆర్పేసినట్టు పోయింది. పచ్చ మాత్రం అట్లాగే నిలబడింది.

“తిన్నది కనపడదు. మిగిలిందే కనపడుతుంది,” అన్నాడు పట్టాభి. “ఎరుపూ నీలమూ దాని తిండి. వాటితోనే పిండి వండుకుంటుంది. నీలానికి ఇంకో పని కూడా ఉంది, అది పడితేనే కాడ పొట్టిగా, గట్టిగా నిలబడుతుంది. లేకపోతే వెలుగెక్కడ, వెలుగెక్కడ అని మెడ సాచుకుంటూ పోతుంది. నువ్వు చూసి పెరుగుతోందనుకున్నావే, అది పెరగడం కాదురా, వెతుక్కోవడం. పచ్చని చాలామటుకు ఉమ్మేస్తుంది. ఆ ఉమ్మింది నీ కంట్లో పడి ఆకు పచ్చగా ఉందంటున్నావు. ఇన్నాళ్లూ దాని ఎంగిలి దానికే పెట్టావు.”

యోబు గోడ మీది నల్లబద్దనే చూస్తున్నాడు. “మరి ఇంతవరకు ఎట్ల బతికినయి?”

“పచ్చలో కూడా కాస్త నములుతుంది. నీ రంగు పలచగా పడ్డ చోట మామూలు వెలుగు దూరింది. గంజి తాగి బతికాయి.”

“ఇప్పుడేం జెయ్యాలె?”

“గీకెయ్యాలి. వట్టి అద్దం వదిలితే ఈ ఎండకు ఒక్క పూటలో మాడతాయి. మళ్లీ సున్నమే. సున్నం అన్ని రంగులనూ కొంచెం కొంచెం తగ్గించి పంపుతుంది, ఏదీ ఆపదు.” గాజు ముక్కను పెట్టెలో పెట్టేస్తూ, “కానీ వద్దు. తెల్లగా కనపడితే వస్తారు. చావనీ. నేను తోట అమ్మేస్తున్నాను. మా ఆవిడ ఇక ఈ ఊరు రానంటోంది. నువ్వెందుకురా వీటికోసం తలకాయ పగలగొట్టుకోవడం?” అన్నాడు.

“మీకు పోనీకి ఊరున్నది సారు,” అన్నాడు యోబు.

పట్టాభి మళ్లీ పాలవ్యాను ఎక్కాడు. యోబు రేకు ముక్క, కిరసనాయిలు డబ్బా తీసుకుని కొట్టమెక్కాడు. రెబెక్క నిచ్చెన పట్టుకోలేదు.

“తీతు ఏమన్నడో మర్సినవా? కనబడ్తె వాడు గూడ ఆపలేడు.”

“ఆపకుంటె నేనున్న.”

“నువ్వున్నవనే నా భయం.”

రంగు గీకి, తుమ్మజిగురు కలిపిన సున్నం పూశాడు. వారం తిరిగేసరికి కొత్త చిగురు ముదురు రంగులో వచ్చింది. కాడలు నిలబడలేదు గానీ, చిగురు దగ్గర కణుపులు దగ్గరదగ్గరగా వేశాయి. యోబు వాటికి పుల్లలు కట్టాడు.

మే నెలలో మళ్లీ పోలీసుల తుపాకులు పేలాయి, ఊరు ఊరంతా లేచింది. ఒక మిట్టమధ్యాహ్నం పోరగాళ్లు గోడ దూకి తోటలోకొచ్చారు. ముందు తీతు ఉన్నాడు. చేతిలో ఇనుప రాడ్డు.

“బావా, నేను పచ్చగుంచమన్న గద. ఎందుకు తెల్లగ జేస్తివి?”

“పచ్చల చచ్చిపోతున్నయిరా.”

“మన పోరగాండ్లు తూటలకు చస్తున్నరు, నువ్వు మొక్కలు చస్తున్నయంటవా?”

“అవి నా చేతుల పుట్టినయి.”

“ఆంధ్రోని భూమిల పుట్టినయి. జరుగు బావా. నేను అడ్డం నిలబడితే నన్ను గూడ వాని బంటే అంటరు. జర సమజ్ చేస్కో.”

మొదటి రాయి వెనకనుంచి వచ్చింది. తర్వాత ఎవరూ ఎవరి మాటా వినలేదు. అద్దాలు పెళపెళమని నారుమళ్ల మీద కూలాయి. మూలన పేర్చిన ఈతచాపలకు నిప్పు పెట్టారు. యోబు పార కామ తీసుకుని ఒకడి మోకాలు విరగ్గొట్టాడు, ఇంకొకడి ముక్కు చితగ్గొట్టాడు, తన తలకు తగిలిన రాయి సంగతి రక్తం కళ్లలోకి దిగేదాకా తెలియలేదు. తీతు నడిమి దూలాన్ని రాడ్డుతో పెకిలిస్తున్నాడు. అది కూలితే మిగిలిన మళ్లన్నీ పోతాయి. యోబు చూసి, గురిపెట్టి, అతని కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. రాడ్డు పడిపోయింది. తీతు అరవలేదు. వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, బావ మొహంలోకి చూసి, వెనక్కి తిరిగాడు. అతను పోతే మిగతావాళ్లూ పోయారు.

యోబు మోకాళ్ల మీద కూర్చుని గాజు పెంకులు ఏరాడు. నలిగినవి నలగ్గా రెండు మళ్ల మొక్కలు మిగిలాయి. పైన కప్పు లేదు. మే ఎండ. చాపలు బూడిద. బజారంతా బంద్. తన తువ్వాలు తీసి పుల్లల మీద కప్పితే ఒక మడిలో ఒక మూలకే వచ్చింది. తెల్లబట్ట కావాలి, పలచటిది. రంగు బట్ట కప్పితే మళ్లీ అదే కథ.

గదిలో రెబెక్క గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె పెళ్లిచీర పెట్టెలో అడుగున ఉందని అతనికి తెలుసు. కిరస్తానం పెళ్లి కాబట్టి తెల్లచీర. దాన్ని ఆమె మళ్లీ కట్టలేదు, చచ్చిపోయినప్పుడు కట్టి పంపమని చెప్పి దాచుకుంది.

“చీర ఇయ్యి.”

“నా తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టి నన్ను చీర అడుగుతున్నవా?”

“ఇయ్యకుంటె తీస్కుంట.”

“తీస్కో. తీస్కుంటె గీ గడపల ఉండను.” ఆమె అతని నెత్తుటి మొహం చూసి మొహం తిప్పుకుంది. “ఇస్త. ముందుగాల పోయి తీతును దవాఖానకు తోల్కపో. తోల్కపోయొచ్చి తీస్కో.”

యోబు తీతు ఉండే బస్తీకి పోయాడు. తీతు అరుగు మీద కూర్చుని వెదురుబద్దలు పెట్టి చెయ్యి తనే కట్టుకుంటున్నాడు. ఒక కొస పళ్లతో పట్టుకున్నాడు.

“దవాఖానకు పోదాం, లే.”

“నీతోటి రాను.”

“తీతూ.”

“నువ్వు కొట్టిన దెబ్బ నాకేం నొప్పి లేదు బావా. ఇంకొగడు గాదు, నేనని తెల్సే కొట్టినవ్ గద. పో.”

యోబు తిరిగొచ్చి తీతు రానన్నాడని చెప్పాడు. రెబెక్క పెట్టె తెరిచి చీర తీసి నేల మీద పెట్టింది. యోబు దాన్ని మళ్ల మీద పందిరిలా కట్టాడు. కింద వెలుగు పాలలా పరుచుకుంది.

మర్నాడు సడక్ మీద బస్సుకు నిప్పు పెట్టారు. పోలీసులు వచ్చారు. తూటాలు మొదలవగానే పోరగాళ్లు తోటగోడ వైపు పరిగెత్తారు. ఒకడి తర్వాత ఒకడు గోడెక్కి లోపలికి దూకుతున్నారు. తీతు అందరికంటే వెనక. ఒక చేత్తో గోడ పట్టు దొరకలేదు. ఎగిరాడు, జారాడు, మళ్లీ ఎగిరాడు. లోపల్నుంచి యోబు గోడెక్కి, పొట్ట మీద పడుకుని, చెయ్యి చాచాడు. తీతు ఎడమ చెయ్యి గోడ రాయిని పట్టుకుని ఉంది. పైకి లేచి ఉన్నది కుడిచెయ్యి. యోబు దాన్నే పట్టుకుని గుంజాడు. తాను విరగ్గొట్టిన మణికట్టు అతని పిడికిట్లో రెండు ముక్కలుగా కదిలింది. తీతు కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు. లాక్కుని కింద పడి, లేచాడు. తూటా వీపులో దిగి ఛాతీలోంచి వచ్చింది.

సడక్ మీద పోలీసులుండగా గోడ మీంచి ఎత్తలేక, గోడకు కన్నం చేసి శవాన్ని లోపలికి లాగాల్సి వచ్చింది. కర్ఫ్యూ పెట్టారు. సమాధుల దొడ్డిదాకా పోనిస్తారో లేదో తెలియదు, శవపెట్టె చేసేవాడు రాడు, ముక్క బట్ట అమ్మేవాడు లేడు. తీతు ఒంటి మీది చొక్కా నల్లగా గడ్డకట్టింది. రెబెక్క తమ్ముడి మొహం నీళ్లతో కడిగింది. లేచి కొట్టం వైపు నడిచింది. యోబు వెనకే పోయాడు, కానీ అడ్డం పడలేదు.

ఆమె పుల్లల మీంచి చీర లాగింది. ఎండ ఒక్కసారిగా మళ్ల మీద పడింది. పల్చటి ఆకులు కొన్ని అప్పుడే అంచులు ముడుచుకుంటున్నాయి. యోబు వాటి వైపు చూడలేదు. ఆమె కాళ్ల దగ్గర నేలను చూస్తూ నిలబడ్డాడు.

రెబెక్క చీర కొస పళ్లతో కొరికి, రెండు చేతులతో పట్టుకుని, నడిమికి చింపింది. చిరిగే చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక సగం భుజాన వేసుకుంది. రెండో సగం అతని ఛాతీ మీదికి విసిరింది.

“మా తమ్ముడు పొట్టోడు. వానికి గింత సాలు.”

“రెబెక్కా, నేను—”

“మాట్లాడకు. ఎండ కొడ్తున్నది, కప్పు.”

యోబు కప్పాడు. సగం చీర ఒక్క మడికే సరిపోయింది. రెండో మడి సాయంత్రానికి గడ్డిలా ఎండిపోయింది. తీతును తోటలోనే, గోడవారన పాతిపెట్టారు. గుంత యోబే తవ్వాడు, ప్రార్థన రెబెక్కే చెప్పింది. ఆ తర్వాత ఎండ జరిగినకొద్దీ పొద్దుటినుంచి మాపటిదాకా ఆ గుడ్డను జరుపుతూ మడి పక్కనే ఉండిపోయాడు. ఎవరైనా తోటలోకి తొంగిచూస్తే లేచేవాడు కూడా కాదు. ఆ వేసవిలో అతను ఇంకెవరినీ కొట్టలేదు. రెబెక్క అన్నం తెచ్చి దూరంగా పెట్టి పోయేది.

జూన్‌లో వాన పడింది. పట్టాభి తోట అమ్మేశాడని కబురొచ్చింది, కొన్నవాడు ద్రాక్ష పీకించి ప్లాట్లు వేస్తాడన్నారు. యోబు బతికిన మొక్కల్ని మట్టితో సహా డబ్బాల్లో పెట్టి, బండి మీద ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోటికి, రాళ్లగడ్డ పక్క కిరాయి గుడిసెకు తోలాడు. వాన చినుకుల్లోనే గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. ఆకులు ముదురుగా, దళసరిగా ఉన్నాయి, వేళ్లు డబ్బాలు నిండి ఉన్నాయి.

రెబెక్క గడపలో నిలబడి చూసింది. తీతును పాతిపెట్టాక అతనితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అదే.

“పెట్టు. కాయనీ. కానీ దాని కాయ నా నోట్ల పెట్టకు.”

“పెట్టను,” అన్నాడు యోబు. గుంతలో నీళ్లు నిండుతున్నాయి. చేతులతో తోడి, మొక్కను నిలబెట్టి, మట్టి అదిమాడు.